దూడ లేని బొమ్మ, వసంత పాట

మా చిన్నప్పుడు... వాషర్‌మెన్‌పేట్‌లో కింద బట్టల కొట్టు, పైన మా ఉమ్మడి కాపురం. నాన్న, పెదనాన్న కొట్లో ఉంటే, పైన వంటింట్లో ఒకటే సందడి. ఆ సందడిని మించి వినపడే గొంతు ఒకటుండేది... మా పెదనాన్న కూతురు వసంత!

నాకంటే కాస్త పెద్దది. అక్కా అని పిలవాలట. నేను పిలిస్తేగా!

దానికేమో పాట. నాకేమో బొమ్మలు. ఇంటికి చుట్టాలొస్తే చాలు, "వసంతా, ఒక పాట పాడవే" అనేవాళ్ళు. "గిరిజా, ఒక బొమ్మ గీయవే" అని ఒక్కరన్నా అంటే ఒట్టు! కాఫీ గ్లాసులు తీయడానికి మాత్రం నా పేరు బాగా గుర్తొచ్చేది...

అసలు మంట మా అమ్మ దగ్గర. పనిలో పడితే తల ఎత్తని మనిషి, వసంత గొంతు విప్పితే గరిటె పక్కన పెట్టేసేది. నేను బొమ్మ తెచ్చి చూపిస్తే, "బాగుండాదిలే, ఆడ పెట్టు" అనేది... ఇటు తిరక్కుండానే.

ఆదివారాలు మా వాళ్ళ సత్రంలో తెలుగు క్లాసు ఉండేది. ఉండేది తమిళ ఊళ్ళో, బళ్ళో అంతా తమిళమే కదా, ఇంటి భాష పోకూడదని పెద్దవాళ్ళ తాపత్రయం. ఒక ఏడు శ్రీరామనవమి పందిట్లో ఒక పాత పద్యాన్ని కొత్తగా చేసి చూపించాలని మా తెలుగు అయ్యవారికి బుద్ధి పుట్టింది. ఏటికి వరదొచ్చి, ఈ ఒడ్డున ఆవు, ఆ ఒడ్డున దూడ చిక్కుకుపోయే పద్యం అది.

"ఊరికే ఒప్పజెప్తే ఎవురింటారు? ముందు నేను చదివి అర్థం చెప్తా. ఆనక వసంత రాగం కట్టి పాడాల. అది పాడేటప్పుడే గిరిజ ఎనకాల గుడ్డ మీద బొమ్మెయ్యాల. పాటా బొమ్మా ఒకేసారి ముగియాల!" అన్నారు.

అందరూ ఆహా అన్నారు. నాకు మాత్రం ఒకటే కనపడింది... వసంత మైకు ముందు, జనం వైపు. నేను జనానికి వీపు పెట్టి!

"నా మొహం ఎవురికి కనిపిస్తాది అయ్యవారూ?" అని అడిగేశాను.

ఆయన నోరు తెరిచేలోపే వసంత కిసుక్కున నవ్వింది. "నీ జడ కనిపిస్తాది లేవే... మంచి రిబ్బను కట్టుకో!"

ఒళ్ళు మండిపోయింది. సరే చూద్దాం, బొమ్మతోనే మా అమ్మ చూపు నా వైపు తిప్పుతా అనుకున్నా.

నాన్న కొట్లోంచి కోరా గుడ్డ ఇచ్చాడు. రంగులకు ఇల్లంతా గాలించా. బట్టలకు పెట్టే నీలిమందు కలిపితే ఏరు, పసుపుతో ఒడ్డు, బొగ్గుతో ఆవు... దూడకు మాత్రం కుంకుమ దాచిపెట్టా, ఆఖరి పాదంలో అందరి కళ్ళూ దాని మీదే పడాలని!

మిద్దె మీద ప్రాక్టీసు. అది పాడుతుంటే ఆ కొలతకే నా చేయి ఆడాలి. ఇంతకంటే శిక్ష ఉంటుందా...

"ఏమే అంత సాగదీస్తావు? నా రంగు ఎండిపోతా ఉంది!"

"ఆవు ఏడస్తా ఉంది కదే, బస్సుకు పరిగెత్తతా ఉందా? నువ్వే నిదానంగా గియ్యి."

రామనవమి సాయంత్రం పందిరి నిండిపోయింది. ముందు వరసలో అమ్మ. అయ్యవారు చదివి అర్థం చెప్పారు. వసంత పాట ఎత్తుకుంది. నేను నీలం పులిమాను... ఏరు పొంగింది. ఆవు కూడా ఎప్పుడూ రానంత బాగా వచ్చింది.

ఆఖరి పాదం. కుంకుమలో కుంచె ముంచాను. అప్పుడు వసంత గొంతు తప్ప పందిరంతా చడీచప్పుడు లేకుండా అయిపోయింది. పానకం గ్లాసుల మోత కూడా లేదు. నాకు మనసు ఆగలేదు... జనం చూస్తున్నది దాన్నా, నా బొమ్మనా? వెనక్కి తిరిగాను.

అమ్మ ఏడుస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని... వసంతనే చూస్తూ.

నా చేయి గాల్లోనే ఆగిపోయింది. పాట అయిపోయింది. అవతలి ఒడ్డు ఖాళీ. దూడ లేదు!

నా పని అయిపోయింది, అయ్యవారు తిడతారు అనుకుంటుంటే ఆయన మైకు లాక్కున్నారు. "చూసినారా! ఆవుకు అందని దూడ మనకు మాత్రం ఎందుకు కనిపించాలని వదిలేసింది, ఈ పిల్ల!"

ఇక చూడండి... చప్పట్లే చప్పట్లు. నేను నోరు మూసుకుని నిలబడ్డా. వచ్చిన చప్పట్లను ఎవరైనా వెనక్కిస్తారా?

జనం పలచబడ్డాక అమ్మ వచ్చింది. చాలాసేపు చూసింది. నా బొమ్మను అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"దూడ ఏదే?"

"టైం చాల్లేదుమా."

"పోనీలే... అది పాడతా ఉంటే నాకు ఆడ దూడ కనిపిస్తానే ఉండింది."

అంతే! ఊరంతా మెచ్చుకున్న ఆనందం ఒక్క మాటతో నీరుగారిపోయింది. నా గుడ్డ మీద నేను వదిలేసిన చోట కూడా వసంతే వచ్చి కూర్చుంది!

ఇంటికి నడుస్తుంటే వసంత మూతి ముడుచుకునే ఉంది. ఏమైందే అంటే విసురుకుంది. "పోడీ! గొంతు చించుకునింది నేను. కడాకు అందరూ నీ గుడ్డ కాడే గుమిగూడినారు. మా నాయన కూడా దాన్నే ఫోటో తీయించినాడు!"

"నిజంగానా?" అని మళ్ళీ అడిగి చెప్పించుకున్నా. ఎంత చల్లగా ఉండిందో కడుపులో...

ఇప్పుడు నేను మ్యాచింగ్ బ్లౌజ్ పీసుల కొట్టు పెట్టుకున్నా. వసంత అంబత్తూరులో ఉంది. మొన్న ఫోన్లో ఆ పద్యం ఒక్కసారి పాడవే అన్నా. "పిల్లోళ్ళకు తెలుగు అర్థం కాదు, అదెన్నమ్మా, ఏందది అని నవ్వతారే... ఈడ ఎవురికోసం పాడేది?" అంది. పాట మానేసి చాన్నాళ్ళయిందట.

ఆ మాట విన్నాక కొట్లో బేరం మీద మనసు నిలవలేదు. మా ఇళ్ళల్లో ఇప్పుడు అన్నీ ఉన్నాయి... కుళ్ళుకుని చద్దామంటే ఒక్క తెలుగు గొంతు లేదు.

మిమ్మల్ని అలా ఉడికించిన వసంత మీ ఇంట్లో ఎవరండీ? కింద రాయండి... నాకు ఆవిడ మీద కూడా కాస్త కుళ్ళుకోవాలనుంది.