వాకిళ్ళు ఊడవని ఆదివారం

సైదారావు పంపిన గ్రాఫులు చూసి ఇంట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఈ ప్రయాణం అలా మొదలైంది.

విలేకరులకు లెక్కలు, గ్రాఫులు చదవడం నేర్పే పని నాది. గుంటూరులో శని, ఆదివారాలు క్లాసులు. సైదారావు నా దగ్గర రెండు నెలలు నేర్చుకున్నాడు. గురజాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతూ ఒక పత్రికకు మండల విలేకరిగా రాస్తుంటాడు. గురజాలకు దగ్గర్లో సున్నపురాయి క్వారీ పక్కన ఒక ఊరుంది. పేరు రాయొద్దని ఊరివాళ్ళు అడిగారు కాబట్టి రాయను. దుమ్ముతో చస్తున్నామని వాళ్ళు ఎన్ని అర్జీలు పెట్టినా "దుమ్ము ఏ ఊళ్ళో లేదు?" అన్నదే జవాబు. సైదారావు ఆ ఊళ్ళో ఆరు ఇళ్ళకు దుమ్మును కొలిచే ఆరు సెన్సర్లు కట్టాడు. ఏడు వారాలుగా రోజూ తెల్లవారుజామున ఐదుకీ ఆరుకీ మధ్య ఆరుచోట్లా ఒకేసారి దుమ్ము అమాంతం లేస్తోంది. జనం లేవకముందే క్వారీవాళ్ళు ఏదో చేస్తున్నారని అతని అనుమానం. వచ్చే ఆదివారం జిల్లా పేజీలో సగం అతని వార్తకే ఇచ్చారు. సోమవారం ఆర్డీవో ఆఫీసులో విచారణ. ఊరి చేతిలో ఉన్న సాక్ష్యం ఆ గ్రాఫులే.

"తప్పేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి మేడమ్, తర్వాత చెప్పినా లాభం లేదు" అని ఫోన్‌లో అన్నాడు. ఆ వారం క్లాసుకు సెలవు ప్రకటించి బయల్దేరాను.

శుక్రవారం ఉదయం ఆరూ నలభైకి గుంటూరులో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టరు సున్నా టికెట్ చించి ఇచ్చాడు. ఎనిమిదికల్లా నరసరావుపేట. ఏదో నకలు తీసుకునే పని మీద సైదారావు ముందురోజే అక్కడికొచ్చి ఉన్నాడు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, తొమ్మిదింటికి పిడుగురాళ్ళ, గురజాల మీదుగా మాచర్ల వెళ్ళే బస్సు పట్టుకున్నాం. పత్తి చేలు, మిరప చేలు దాటి పిడుగురాళ్ళ దగ్గరపడేసరికి రోడ్డు పక్క చెట్ల ఆకులు తెల్లబడ్డాయి. నా పక్కన కూర్చున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఎక్కడిదాకా అని అడిగితే, "మాచర్లమ్మా. ఈ కాస్త దూరం నోరు మూసుకుంటే చాలు, ఆ తర్వాత ఎంతసేపైనా మాట్లాడతా" అంది. అన్నమాట నిలబెట్టుకుంది. గురజాలలో దిగేసరికి ఆవిడ ముగ్గురు కోడళ్ళ సంగతీ నాకు తెలిసిపోయింది.

మెస్సులో గోంగూర పప్పుతో అన్నం తిని, షేరింగ్ ఆటోలో నలభై నిమిషాలు ఒళ్ళు హూనం చేసుకుని ఊరు చేరాం. బస సువార్తమ్మ గారింట్లో. యాభై ఐదేళ్ళుంటాయి, పత్తి కూలికి వెళ్తుంది. ఆమె భర్త క్వారీలో పనిచేసి ఇప్పుడు నాలుగడుగులేస్తే ఆయాసంతో కూర్చుండిపోతున్నాడు. సోమవారం ఊరి తరఫున మాట్లాడాల్సింది ఆమే.

పంచ స్తంభానికి మొదటి సెన్సర్ కనిపించింది. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాకు కాలిన ఇనుముతో బెజ్జాలు పెట్టి, చీమలు దూరకుండా దోమతెర గుడ్డ అంటించాడు. "లోపల చిన్న ఫ్యాను గాలి పీలుస్తది మేడమ్. లైటుకి అడ్డంగా దుమ్ము పోతే లెక్కేస్తది. అయిదు నిమిషాలకోసారి నా ఫోనుకి అంకె పంపిస్తది" అన్నాడు సైదారావు. సువార్తమ్మ మాత్రం తేలిగ్గా తేల్చేసింది: "మా ఇంటికి ముక్కు కట్టాడమ్మా. మేం చెప్తే నమ్మట్లా, ఈ ముక్కు చెప్తే నమ్ముతారంట." అంత ఖర్చుపెట్టి మేం క్లాసుల్లో చూపించే పరికరాల కంటే ఆ టిఫిన్ డబ్బా నాకు ముద్దొచ్చింది. సాయంత్రం వరకూ ఆరిళ్ళూ తిరిగి, తీగలూ గడియారాలూ పరీక్షించాను. ఎక్కడా పొరపాటు లేదు. ఇక ఆ తెల్లవారుజాము దుమ్మును కళ్ళారా చూడటమే మిగిలింది.

శనివారం ఐదు కాకముందే లేచి పంచలో కూర్చున్నాను. సైదారావు కూడా వచ్చాడు. క్వారీ వైపు చప్పుడు లేదు, వెలుగు లేదు. ఐదు దాటింది. సువార్తమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి చీపురందుకుంది. ఎదురింటావిడ కూడా బయటికొచ్చింది. ఆ పక్కింటావిడా, ఆ చివరింటావిడా వచ్చారు. వీధి పొడవునా చీపుళ్ళ చప్పుడు. సువార్తమ్మ చీపురు ముందు తెల్లటి పొడి లేచి, పంచలోకి వచ్చి, నేరుగా స్తంభం మీది డబ్బాలోకి పోయింది. ఫోన్‌లో అంకె ఎగబాకుతోంది.

నేను సైదారావు వంక చూశాను. అతను చీపురు వంక చూస్తున్నాడు.

"అంతా చీపురుదా మేడమ్?"

నేనైతే గుంటూరులో కూర్చుని చప్పట్లు కొట్టినదాన్ని. నా ఇంటి ముందు కూడా రోజూ అదే సమయానికి పనిమనిషి ఊడుస్తుంది. ఒక్కసారైనా తట్టలేదు.

అతను మెట్టు మీద కూర్చుని కాసేపు మొహం రుద్దుకున్నాడు. ఏడింటికి పత్రికకు ఫోన్ చేసి వార్త ఆపెయ్యమన్నాడు. పేజీ కట్టేశాక ఆపడమేమిటని అవతలి మనిషి అరుస్తుంటే నాకూ వినిపిస్తూనే ఉంది. "తప్పు నాది సార్. తెలిసి ఎట్టా ఎయ్యమంటారు?" అని పెట్టేశాడు. తర్వాత ఆరిళ్ళకూ తనే వెళ్ళి, గడపలో నిలబడి జరిగింది చెప్పాడు. ఇన్నేళ్ళలో ఎంతోమంది విలేకరులకు పాఠాలు చెప్పానుగాని, ఇంత ధైర్యం ఎవరిలోనూ చూడలేదు. ఆ మనిషి మీద నాకు ఎనలేని గౌరవం కలిగింది.

సువార్తమ్మ భర్త వైపు చూసింది. "అంటే ఈయన ఆయాసం నా చీపురు వల్లంటావా అబ్బాయ్?"

"అట్టా అంటల్లేదు పెద్దమ్మా. పొద్దుటి దుమ్ము కింద ఇంకేదన్నా దాక్కుని ఉందేమో, నాకు కనపడట్లా."

ఆమె చీపురు గోడకు ఆనించింది. "అట్టాగైతే రేపు ఎవరూ చీపురు పట్టొద్దు. చూద్దాం."

గోల మొదలైంది. ఆదివారం పాస్టరుగారొస్తారే అని ఒకరు. చివరింటి నాగమ్మవ్వ అయితే చేతులు తిప్పింది: "ఏమే, వాకిలి ఊడవకపోతే ఇంట్లో ఎవరో పోయారనుకోరూ? నా వల్ల కాదు." ఎట్టకేలకు అందరూ ఒప్పుకున్నారు. అవ్వ మాత్రం తల ఊపలేదు, అడ్డమూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం నేనూ సైదారావూ ఊరి మొగదల కూర్చుని రోడ్డు చూశాం. ఒకటిన్నరకు క్వారీ నుంచి రాళ్ళ లారీలు మొదలయ్యాయి. ఒక్కదాని మీదా పట్టా కప్పలేదు. ఒక్కో లారీ వెళ్ళిన టైము నోటుబుక్కులో రాశాం. నాలుగింటికి ఆగిపోయాయి.

ఆదివారం ఐదింటికి వీధి నిశ్శబ్దంగా ఉంది. ఆడవాళ్ళు గడపల్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏం చెయ్యాలో తోచక ఒకావిడ ఇంట్లో గిన్నెలు రెండోసారి తోమింది. ఐదు సెన్సర్లలో అంకె కదల్లేదు. ఆరోది మాత్రం ఎప్పటిలాగే లేచింది. పరుగెత్తుకు వెళితే నాగమ్మవ్వ చీపురు వెనక దాచుకుని నిలబడి ఉంది. "చేతులు ఆగలా నాయనా" అంది. సైదారావు ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. "అవ్వా, నువ్వు ఊడవబట్టే అది చీపురుదని గట్టిగా తేలింది!"

గ్రాఫులో పొద్దుటి ఎత్తు తీసేసి చూస్తే, ఇన్నాళ్ళూ దాని పక్కన చిన్నగా కనిపించి మేం పట్టించుకోని మరో ఎత్తు బయటపడింది. ఒకటిన్నర నుంచి నాలుగు వరకు. మేం రాసుకున్న లారీ టైములతో అతికినట్టు సరిపోయింది. ఏడు వారాల్లో ప్రతి పనిరోజూ అది ఉంది. లారీలు తిరగని ఆదివారాల్లో లేదు. వెలుగొచ్చాక వాకిళ్ళు చూశాను. ఒక్కరోజు ఊడవకపోతేనే పిండి చల్లినట్టున్నాయి. కోడి నడిచిన గుర్తులు కూడా కనిపిస్తున్నాయి.

ప్రార్థన అయ్యాక సువార్తమ్మ పంచలో అందరూ చేరారు. అక్కడ నేనొక సలహా ఇచ్చాను. పొద్దుటి గ్రాఫు పక్కన పెట్టేసి మధ్యాహ్నానిది మాత్రం ఆర్డీవోకి ఇస్తే సరిపోతుందని, చీపుళ్ళ సంగతి అడిగితే అప్పుడు చెప్పొచ్చని. సువార్తమ్మ నా వైపు నెమ్మదిగా తిరిగింది.

"అది కూడా పెట్టాలమ్మా. మా చీపురు సంగతి మేమే చెప్తే, ఆళ్ళ లారీ సంగతి ఎట్టా దాస్తారు?"

సైదారావు నవ్వు ఆపుకోవడానికి తల పక్కకు తిప్పుకున్నాడు. నాకు సిగ్గేసింది. లెక్కలు నేర్పేది నేనే, దాచమన్నదీ నేనే.

సాయంత్రం గురజాల స్టేషన్‌లో రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. నడికుడి దాటాక పల్లీలు కొనుక్కున్నాను. ఎదుటి సీట్లో నర్సింగ్ చదివే అమ్మాయి ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగితే చీపుళ్ళ కథంతా చెప్పాను. "మీరు టీచరా?" అంది. ఈ రెండు రోజులూ కాదన్నాను.

సత్తెనపల్లి వచ్చేసరికి సైదారావు ఫొటో పంపాడు. సోమవారం ఇవ్వబోయే కాగితం. గ్రాఫులు రెండూ జతచేసి ఉన్నాయి. కింద ఆరిళ్ళవాళ్ళ సంతకాలు, వాటిలో ఒకటి నాగమ్మవ్వ వేలిముద్ర. పైన మూడే వాక్యాలు. సువార్తమ్మ చెప్పినవి చెప్పినట్టే రాశానని సైదారావు విడిగా రాశాడు.

"పొద్దున ఐదు నుంచి ఆరు దాకా లేచే దుమ్ము మా చీపుళ్ళది. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా లేచేది లారీలది. పొద్దున మేం ఊడ్చేది మధ్యాహ్నం పడిందే."