అవాగి చావకూడదు

దక్షిణ అమెరికాలో సురినామ్ నదిమీద దోనె నడిపే అసింబాకు పుణ్యాత్ముడని పేరు. పాత యూదుల ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లను యోడెన్‌సవానె రేవుకు తీసుకెళ్లేటప్పుడు, ఎగువ నుంచి వచ్చే ప్రతి దోనెనూ ఆపి “అవాగి ఎలా ఉన్నాడు?” అని అడుగుతాడు. శత్రువు క్షేమం కోరే మనిషని యాత్రికులు కళ్లొత్తుకుంటారు. క్షమ లేదు, గిమ లేదు.

అంతర్యుద్ధం నాటి సంగతి. తిరుగుబాటుదారుల వైపు తుపాకీ పట్టిన అవాగి, అసింబా మేనల్లుడు అలెబిని పెడరెక్కలు విరిచికట్టి అసింబా దోనెలోనే పడేసి, అతన్నే నడపమన్నాడు. సైన్యానికి దారి చూపాడని అనుమానం. దారిపొడుగునా తుపాకీ మడమతో కుమ్ముతూనే ఉన్నాడు. రేవు చేరేసరికి అలెబి పళ్లు దోనె అడుగున నీళ్లలో దొర్లుతున్నాయి.

అడవి మింగేసిన ఆ ఊళ్లో సమాధులు తప్ప ఎవరూ లేరు. ఒక పాలరాతి పలకమీద అలెబిని మోకాళ్లమీద కూలదోసి, అవాగి అసింబా ముందుకు కత్తి విసిరాడు.

“నరుకు, ముసలోడా.”

“నా చెల్లెలి కొడుకురా వాడు!”

“అందుకే. నేను చంపితే వీడి దయ్యం మా అమ్మ వంశాన్ని తరతరాలూ పీక్కుతింటుంది. నువ్వు చంపితే మీ ఇంటి గొడవ మీ ఇంట్లోనే. నరక్కపోతే ఇద్దర్నీ కాల్చేస్తా.”

“అప్పుడు రెండు దయ్యాలు కదరా!”

“తెగించాక ఒకటైతేనేం, రెండైతేనేం?”

అలెబి నెత్తురు ఉమ్మాడు. “మామా, ఒక్క దెబ్బకే తెగ్గొట్టు. నువ్వు చెట్టు కొట్టడం చూశాగా, పొద్దంతా పడుతుంది.”

అసింబా కత్తి ఎత్తాడు. చచ్చేవాడి ఆఖరి చూపులో పడ్డ మొహాన్ని దయ్యం మరిచిపోదని ఆ నదివాళ్ల నమ్మకం. అవాగి తల తిప్పుకున్నాడు. కత్తి అతని మణికట్టుమీద దిగింది. తుపాకీతో సహా చెయ్యి రాతిమీద పడింది.

రెండో వేటు గొంతుకు గురిపెట్టి లేచింది, అక్కడే ఆగింది. అవాగి చస్తే దయ్యం పట్టేది అసింబా తల్లి వంశాన్నే. ఆ వంశంలో మిగిలిన పడుచువాడు అలెబి ఒక్కడే. వీణ్ని కాపాడి వీడి నెత్తినే దయ్యాన్ని ఎక్కించాలా?

మేనల్లుడి తాడు విప్పి, నెత్తురు ఆగేలా అవాగి మోచేతికి బిగించాడు. ఇద్దరూ అతన్ని ఈడ్చుకెళ్లి దోనెలో పడేసి, పట్నం ఆస్పత్రి వైపు తిప్పారు.

“చస్తానురా! చచ్చి మీ కొంప ఆర్పుతా!” అంటూ అవాగి నదిలోకి దొర్లబోయాడు. అలెబి అతని రొమ్ముమీద కూర్చుంటే తొడ కండ ఊడేలా కొరికాడు.

“కళ్లు మూశావో, చంపేస్తా వెధవా!” అని అసింబా చెంపలు వాయించాడు.

అవాగి బతికాడు. కానీ ఎప్పుడు చచ్చినా అతని బంధువులు ఆ గాయం వల్లే అంటారు, దయ్యాన్ని అసింబా వంశంమీదకే తోస్తారు.

పోయిన వానాకాలం అవాగికి జ్వరమని తెలిసి, అసింబా మందు సీసాతో ఎగువకు వెళ్లాడు. అవాగి మంచం దిగి, ఉన్న ఒక్క చేత్తో ఆ సీసా అతని నెత్తిన పగలగొట్టాడు.

అసింబా నెత్తురు తుడుచుకుంటూ వచ్చి, అలెబి కాచుకున్న దోనె ఎక్కాడు.

“చేతిలో సత్తువ ఉందిరా అలెబీ,” అన్నాడు. “ఈ ఏడాదికి ఢోకా లేదు.”