గాజు సీసాలోని నీళ్ళు

సహోదరులారా, నన్ను చెరపట్టింది మద్యమూ కాదు, రోగమూ కాదు. నేనింకా సంతకం చేయని ఒక అబద్ధం. దాని నుండి ప్రభువు నన్ను విడిపించిన విధం చెప్పడానికే మీ ముందు నిలుచున్నాను.

బెల్లంపల్లిలో గని కార్మికుల ఆస్పత్రిలో పరికరాలు బాగుచేసే పని నాది. గని కప్పు కూలి కూరుకుపోయినవారి గొంతులోని బురదను లాగివేయడానికి, కాలితో తొక్కే పంపు ఒకటి తయారుచేశాను. గాజు సీసాలో నీళ్ళు పోసి పరీక్షించాను. ఎన్ని తొక్కుళ్ళకు ఎంత నీరు లాగిందో నోటుపుస్తకంలో రాసుకున్నాను. మరుసటి ఏడు హైదరాబాదులోని ఒక కంపెనీ అలాంటి పంపుకే పేటెంటు కోరింది. నా కష్టాన్ని ఎవరో ఎత్తుకుపోతున్నారని కుమిలిపోయి, అన్నం సహించక, ప్రార్థన కూడా మాని, ఎదురు దరఖాస్తు వేశాను. సీసాలో నీళ్ళు లాగితే రుజువు కాదనీ, కంపెనీ కన్నా ముందే ఒక రోగికి వాడినట్టు ప్రమాణపత్రం కావాలనీ నా వకీలు గారు చెప్పి, కాగితం కూడా రాసి పంపారు. రోగి పేరు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది.

పంపు ఎన్నడూ వాడకపోయినా, అప్పుడు కాలు విరిగి వార్డులో ఉన్న పోశం అనే బొగ్గు కార్మికుని పేరు అందులో రాశాను. వేలిముద్ర అడిగితే ఆయన నవ్వాడు.

"ఏలుముద్రకేంది సారూ, ఏస్త. గాని రేపు నేను నిజంగ మట్టిల కూరుకపోతె గది పనిజేస్తదా? మా గొంతుల మంచినీళ్ళుంటయా? బొగ్గు బుర్దుంటది."

వేలిముద్ర తీసుకోకుండానే పనిగదికి వచ్చి, బల్ల దగ్గర మోకరించాను. "ప్రభువా, నాకు గెలుపు కావాలి. నిజం చూసే ధైర్యం లేదు. అది నీవే ఇవ్వు" అని ప్రార్థించాను. లేచి, చిక్కటి అంబలిలో బొగ్గుపొడి కలిపి సీసాలో పోశాను. మూడు తొక్కుళ్ళకు వాల్వు పూడుకుపోయింది. నాలుగోసారి పంపు కదలలేదు.

ఆ క్షణాన నాకు కలిగింది దుఃఖం కాదు, సంకెళ్ళు తెగిన తేలిక. ప్రమాణపత్రం చించివేసి, "నీటితో మాత్రమే పరీక్షించాను, బురదతో విఫలమైంది" అని వకీలు గారికి రాశాను. పేటెంటు కంపెనీకే దక్కింది. నేను వాల్వు వెడల్పు చేసి, అదే అంబలితో, ఆగకుండా లాగేవరకు పరీక్షిస్తూ పోయాను.

తరువాతి వానాకాలంలో కప్పు కూలినప్పుడు పోశాన్నే మోసుకొచ్చారు. డాక్టరు గారు గొంతులో గొట్టం ఉంచితే నేను తొక్కాను. నల్లటి బురద సీసాలోకి దిగింది, ఊపిరి అందింది. చాలాసేపటికి కళ్ళు తెరిచి సీసా వైపు చూసి, "గీసారి నీళ్ళు గాదు గద సారూ" అన్నాడు.

మహిమ దేవునిది, పంపుది కాదు. నన్ను నేను తేట నీటిలోనే పరీక్షించుకొని నీతిమంతుణ్ణనుకున్నాను. ప్రభువు బురద పోసి చూశాడు, విఫలమైన నన్ను పారవేయలేదు. మీలో ఎవరి చేతిలోనైనా సంతకానికి సిద్ధమైన కాగితం ఉంటే, ముందు దాన్ని ఆయన ఎదుట పెట్టి చూడండి.