కాణిపాకంలో మునిరత్నం ప్రమాణం, నా సంచిలో మూడు పీపాల విస్కీ

మునిరత్నం, నేను బెంగళూరులో ఒకే హోటల్ బార్‌లో పదకొండేళ్లు పనిచేశాం. విస్కీని నోట్లో పోసుకునే ముందు వాసన చూడాలని నాకు నేర్పింది అతనే. తర్వాత అతను సొంతూరు చిత్తూరు వెళ్లి బెల్లం దుకాణం పెట్టుకున్నాడు. ఈ మధ్య ఒక చిన్న డిస్టిలరీ విస్కీ నా చేతికి దొరికింది. మామూలు పీపాలో మగ్గాక దాన్ని రమ్ము, బ్రాందీ, టెకీలా నిలవ చేసిన పాత పీపాల్లోకి మార్చి ఇంకొన్ని నెలలు ఉంచుతారు. దాన్ని మునిరత్నం లేకుండా రుచి చూడాలనిపించలేదు. ఫోన్ చేయకుండా వెళ్లి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆ రోజు నేను చేసిన మొదటి తెలివితక్కువ పని అది.

ఉదయం ఆరున్నర బస్సు, టికెట్ నాలుగు వందల లోపే. కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా నాలుగు గంటల్లో చిత్తూరు చేరాలి. ముళబాగిలు దాటాక టైరు పోయి, గంటన్నర ఎండలో నిలబెట్టారు. మొగిలి ఘాట్‌లో ప్రతి మలుపుకూ, లుంగీలో చుట్టిన సీసాను చంటిబిడ్డలా పట్టుకున్నాను. పన్నెండు దాటాక దిగి వెళ్తే దుకాణానికి తాళం. "ఇంటామెతో కాణిపాకం పోయినాడప్పా," అన్నాడు పక్క కొట్టు పెద్దాయన.

ఆటోకు మూడు వందలు. అరగంట దారి. గుడి దగ్గర దిగబోతుంటే డ్రైవర్ నా సంచి చూసి, "ఏముండాది సార్ దాంట్లో?" అన్నాడు. చెప్పాను. "అయితే ఈడనే కూసోండి. తాగుడు మానేస్తామని ప్రమాణం చేసేదానికే సానామంది వస్తారు ఆడికి."

ఇంకో ముప్పావుగంట ఆటోలోనే ఉడికిపోయాను. చివరికి మునిరత్నం, భార్య జయమ్మ బయటికొచ్చారు. అతని తల ఇంకా తడిగా ఉంది, నుదుటన కుంకుమ. నన్ను చూడగానే పరుగున వచ్చాడు.

"ఎప్పుడొచ్చినావబ్బా? మంచి రోజే వచ్చినావు. ఇప్పుడే ప్రమాణం చేసినాను. ఇంక సుక్క ముట్టను."

సంచిని వెనక్కి జరిపాను. జయమ్మ మాత్రం సంచినే చూస్తోంది. "దాంట్లో ఏముండాదన్నా?"

"విస్కీ, చెల్లెమ్మా."

"పోయిన నెల నాలుగు దినాలు ఆస్పత్రిలో ఉండినాడన్నా. ఇంకొకసారి తాగితే నా దగ్గరికి తీసుకరావద్దని చెప్పినాడు డాక్టరు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

టైరు మీద, ఎండ మీద ఉన్న విసుగంతా మునిరత్నం మీదికి మళ్లింది. "ఒక్క ఫోన్ చేసుంటే ఏం పోయేదప్పా?"

"నువ్వు చేసినావా?" అన్నాడు.

భోజనానికి రమ్మన్నారు. ఆ సంచితో ఆ ఇంటి గడప ఎలా తొక్కను? వద్దన్నాను. బస్సు ఆగే చోటికి జయమ్మ ముందు నడుస్తుంటే మునిరత్నం మెల్లగా, "ఏ పీపాలు?" అని అడిగాడు. చెప్పాను. ఒక్క క్షణం ఆగాడు. "టెకీలా కూడానా," అని మళ్లీ నడిచాడు.

చిత్తూరు బస్టాండు దగ్గర లాడ్జి, గది తొమ్మిది వందలు. గాజు గ్లాసు అడిగితే మేనేజరు సాంబారు వాసనేసే స్టీలు గ్లాసు ఇచ్చాడు. సబ్బుతో రెండుసార్లు కడిగితే సబ్బు వాసన. చివరికి ఎదురు కొట్లో నలభై రూపాయలకు గాజు గ్లాసు కొన్నాను. సాయంత్రం నాలుగింటికి పోశాను. మొదట కాగిన బెల్లం పాకం, తర్వాత ఎండుద్రాక్ష, ఊపిరి వదిలినప్పుడు పచ్చిమిరియాల ఘాటు. అలాంటిది నేను ఎప్పుడూ తాగలేదు. రెండో గుక్కకు ఫోన్ మోగింది.

"పోసినావా?" మునిరత్నం.

"పోశాను."

"ఎట్లుండాది?"

గ్లాసు వైపు చూశాను. "ఏం లేదప్పా. చెక్క వాసన తప్ప ఏమీ లేదు. డబ్బు దండగ."

"పదకొండేండ్లు నీ పక్కన నిలబడినాను. నువ్వు అబద్ధం చెప్తే నాకు తెలీదా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "సరే. ఎప్పుడడిగినా అట్లే చెప్పు," అని పెట్టేశాడు.

మూడో గుక్క తాగలేదు. సీసా మూత బిగించి మర్నాడు తిరుగు బస్సులో తెచ్చేశాను. ఇన్నాళ్లూ అతన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చింది అతని ముక్కు, అతని నాలుక. ఒంట్లో ఎలా ఉందని ఏడాదిగా అడగలేదు. ఆ రోజు విసుగు ఇంకా పోలేదు, ఇప్పుడది పూర్తిగా నా మీదే.

అటు వెళ్లేవాళ్లు తిరుమల కూడా కలుపుకోవాలనుకుంటే ఒక్క మాట: అలిపిరిలో సంచులు విప్పి చూస్తారు, మద్యం కొండ మీదికి వెళ్లదు. దర్శనం ఉన్న ప్రయాణంలో సీసా ఇంట్లోనే వదిలేసి వెళ్లండి.