బ్రహ్మచారి వేసిన పేర్లు

కంటోన్మెంటులోని కార్ఖానా పేటలో, మెయిన్ రోడ్డు మీద ఇరానీ హోటల్ పక్క సందులోకి తిరిగి, ఇరుకు మెట్లెక్కితే విశ్వకర్మ వీడియోస్ వస్తుంది. ఓనరు, కెమెరామన్, మిక్సింగ్ చేసేవాడు, ఫోనెత్తేవాడు అన్నీ బ్రహ్మచారే. పేరుకే బ్రహ్మచారి. ఇంట్లో సుమిత్ర ఉంది, బడికి వెళ్ళే ఇద్దరు ఆడపిల్లలున్నారు. తాతా తండ్రీ కంటోన్మెంటు బంగళాలకు తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగులు. రెడీమేడ్ తలుపులొచ్చి ఆ పని సన్నగిల్లాక ఇతను ఉలి వదిలి కెమెరా పట్టుకున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని ఊళ్ళో పెళ్ళిళ్ళు జోరుగా సాగుతున్న రోజులవి. ముహూర్తాలు ఉన్నన్నాళ్ళు అన్నం తినడానికి కూడా తీరిక దొరికేది కాదు.

పెళ్ళి వీడియోలో పెళ్ళిని ఎవరు చూస్తారు? ఎవరి ముఖం వాళ్ళు వెతుక్కుంటారు. ముఖం ఒక్కటీ కనబడితే చాలదు, కింద పేరు పడాలి. తొలినాళ్ళలో ఒక బోయినపల్లి పెళ్ళికి పెళ్ళికూతురి మేనమామ పేరు వేయడం మరిచిపోయాడు. ఆ పెద్దమనిషి షాపుకొచ్చి, "నేను పెండ్లికి వచ్చినట్టా, రానట్టా?" అని సందంతా వినబడేలా కడిగేసి పోయాడు. ఆనాటినుంచి బ్రహ్మచారి వీడియోలో కనబడ్డ ప్రతి మనిషి కిందా పేరు, వరస, ఇల్లు ఎక్కడో కూడా పడేవి. ఆ పద్ధతికే అతనికి పేరొచ్చింది. పేరు లేకుండా మనిషిని చూపించడమంటే ఆ మనిషిని గుమ్మంలో నిలబెట్టి లోపలికి రమ్మనకపోవడమే అనుకునేవాడు పాపం. ఆ మర్యాదే కొంప ముంచింది.

దేవిక అతని షాపుకొచ్చింది డాక్యుమెంటరీ సినిమా కోసం. వైజాగ్ వైపునుంచి వచ్చి మల్కాజిగిరిలో స్థిరపడ్డ రైల్వే ఉద్యోగి కూతురామె. పత్రికలో పనిచేసి మానేసి, సొంతంగా సినిమాలు తీసుకుంటోంది.

"ఊరు పెరుగుతోంది కదండీ. ఎవరి ఒంట్లోంచి తీసుకుని పెరుగుతోందో అది చూపించాలి" అంది.

బ్రహ్మచారికి ఆర్థిక శాస్త్రం తెలియదుగానీ ఆ మాట మాత్రం చప్పున అందింది. చేతిలోంచి జారిపోయిన తండ్రి పని గుర్తొచ్చిందేమో, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

నేరేడ్‌మెట్ దాటాక ఒక గుట్ట ఉండేది. దాని కింద రాయి కొట్టేవాళ్ళ బస్తీ. వాళ్ళు కొట్టిన కంకర లారీల్లో మాదాపూర్ వైపు పోయి అద్దాల మేడల పునాదుల్లో పడేది. మేడలు లేచినకొద్దీ గుట్ట కుంగింది. దేవిక తీయాలనుకున్న కథ అదే. అయితే బస్తీ వాళ్ళు కెమెరాని చూస్తే తలుపులేసుకునేవారు. బ్రహ్మచారి వెళ్ళాక ఆ తలుపులు తెరుచుకున్నాయి. ఆ బస్తీలో సగం పెళ్ళిళ్ళు అతను తీసినవే, డబ్బు లేదంటే ఊరికే తీసినవి కూడా ఉన్నాయి.

"మనోళ్ళే అక్కా, భయపడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాడు ఎల్లమ్మతో.

ఎల్లమ్మది బస్తీలో పెద్ద నోరు, పెద్ద మనసు. పోచమ్మ గుడి పక్క ఇల్లు. కెమెరా ముందు కొంగు సర్దుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"గుట్ట ఉన్నన్ని దినాలు మమ్ముల ఎవ్వలు అడగలే. మా అత్త కొట్టింది, నేను కొట్టిన, నా కొడుకు కొడుతుండు. కొట్టి కొట్టి సాపు జేసినం. సాపైనంక ఇప్పుడు జాగ మీది కాదంటున్రు. మరి మేం కొట్టకపోతే ఇది జాగ అయితుండెనా?"

దేవిక పెన్ను పక్కన పెట్టేసి అలాగే వింటూ ఉండిపోయింది. బస్తీ మొత్తం ఒక మాట మీద ఉందని, పట్టాలు లేకపోయినా కదిలేది లేదని ఎల్లమ్మ చెప్పింది. పక్కింటివాళ్ళు అమ్ముకుని పోదామంటే తిట్టి ఆపానని కూడా చెప్పింది. చివర్లో కొడుకు సాయిలును చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టుకుంది.

"మా సాయిలు పేల్చే మందు పెడితే రాయి గీత గీసినట్టు పగులుతది. ఎవ్వలు నేర్పలే, అయ్య జేసేది చూసి నేర్సుకుండు" అంది. ఆ తల్లి ముఖంలో గర్వం చూసి బ్రహ్మచారి కెమెరాను ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

షూటింగు అయ్యాక దేవిక ఇంగ్లీషు మాటలు చేర్చే పనిమీద ఢిల్లీ వెళ్ళింది. బస్తీ వాళ్ళకు చూపించే సీడీ తయారుచేయడం బ్రహ్మచారికి అప్పగిస్తూ, "పేర్లు వద్దండి. ముఖాలు చాలు" అని చెప్పి మరీ వెళ్ళింది. ఆ మాట అతనికి నచ్చలేదు. చదువుకున్నవాళ్ళ పేర్లేమో సినిమా చివర వరసగా పడతాయి, రాయి కొట్టేవాళ్ళకు ఊరూ పేరూ ఉండవా? ముక్కూ మొహం తెలియని బిచ్చగాళ్ళలా వీళ్ళను చూపిస్తామా? అతని మనసు ఒప్పుకోలేదు. పెళ్ళి వీడియోకి వేసినట్టే ప్రతి ముఖం కిందా పసుపు అక్షరాలతో వేశాడు. ఎల్లమ్మ, పోచమ్మ గుడి పక్క ఇల్లు. సాయిలు, ఎల్లమ్మ కొడుకు.

బస్తీలో ఆ సీడీ పండగ చేసింది. పేరు పడ్డప్పుడల్లా ఈలలు. చదువురాని ముసలమ్మలు తమ పేరు ఏదో చూపించమని పిల్లల్ని పట్టుకుని అడిగారు. బ్రహ్మచారికి ఎంత ఆనందమైందంటే, అడిగినవాళ్ళందరికీ కాపీలు కొట్టి ఇచ్చాడు. షాపుకొచ్చిన ఒక తెల్ల చొక్కాయన కూడా అడిగాడు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. పేరు రాఘవేందర్ అన్నాడు. "ఎల్లమ్మక్క మాకు బాగ కావల్సినామె. జెర నాకు సుత ఒకటియ్యి అన్నా" అన్నాడు. బ్రహ్మచారి అతనికి చాయ్ కూడా తాగించి పంపాడు.

తరవాత ఆ రాఘవేందర్ జాగా ఖాళీ చేయించే మనిషిగా బస్తీకి వెళ్ళాడు. కేకలేయలేదు, కొట్టలేదు. ఒక్కో గుమ్మం ముందు ఆగి, లోపలున్న మనిషిని పేరు పెట్టి పిలిచాడు. అమ్ముకుందామని మనసులో ఉన్నవాళ్ళ ఇంటికి ముందు వెళ్ళాడు. ఎవరికి ఏ కష్టముందో, ఎవరు ఎవరి మాట వింటారో అన్నీ చిన్నప్పటినుంచీ ఎరిగినవాడిలా మాట్లాడాడు. ఒకింటి ముందు ఆటో ట్రాలీ ఆగింది, సామాను ఎక్కింది. మళ్ళీ ఇంకో ఇంటి ముందు ఆగింది. ఖాళీ అయిన ఇళ్ళ పైరేకులు అదే రోజు ఊడదీయించేవాడు. పైకప్పు లేని గోడల మధ్య ఉన్నవాళ్ళకు ఉండబుద్ధి పుట్టలేదు.

ఎల్లమ్మ షాపుకొచ్చి నేలమీద చతికిలబడింది. బల్ల ఉన్నా కూర్చోలేదు.

"అన్నా, గా రాఘవేందర్‌కు మా ముచ్చట్లన్నీ ఎట్ల ఎరుకైనయే? నిన్న ఇంటికొచ్చిండు. 'మందు పెట్టనీకి నీ కొడుక్కు లైసెన్సున్నదా అక్కా?' అని నవ్వుకుంట అడుగుతుండు. పరేషాన్ అయితున్న. సాయిలును లోపలేస్తరేమోనని బుగులైతుంది."

ఆమె వెళ్ళాక బ్రహ్మచారి సీడీ పెట్టుకుని చూశాడు. ఎన్నిసార్లో మురిసిపోయి చూసుకున్న బొమ్మలే, ఇప్పుడు రాఘవేందర్ పక్కన కూర్చుని చూస్తున్నట్టనిపించింది. ఏ ఇల్లు ఎక్కడో, ఎవరు గట్టివాళ్ళో, ఎవరు మెత్తబడతారో, ఎవరిని ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో పసుపు అక్షరాలతో సహా ఉంది. సాయిలు దగ్గరికొచ్చేసరికి ఇక చూడలేక టీవీ కట్టేశాడు. ఢిల్లీకి ఫోన్ చేసి దేవికకు విషయం చెప్పాడు.

"వద్దన్నాను కదండీ" అంది ఆమె. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. లాయరును వెంటబెట్టుకుని బయల్దేరి వస్తానందిగానీ, ఆమె వచ్చి మాత్రం ఏం చేయగలదు?

దేవిక రాకముందే సాయిలును పోలీసులు పట్టుకుపోయారు. రెండు రోజులు కూర్చోబెట్టుకుని వదిలారు. వచ్చినవాడు ఎవరితోనూ మాట్లాడటం లేదని, పని సామాను ముట్టుకోవడం లేదని బస్తీ వాళ్ళు చెప్పారు. ఆ మర్నాడే రాఘవేందర్ మళ్ళీ షాపు మెట్లెక్కాడు.

"చిన్న షూటింగున్నదన్నా. ఎల్లమ్మక్క జాగ ఖాళీ చేస్తుంది. ఖుషీగ చేస్తున్ననని కెమెరా ముంగట చెప్తే చాలు. రేపు కోర్టుల ఎవడన్నా కిరికిరి పెడితే మనకు ఉంటది. నువ్వైతే నీకు మంచిగ చెప్తది."

రానని చెప్పాలనే అనుకున్నాడు. కానీ తను పోకపోతే ఇంకొకడు వచ్చి తీస్తాడు, తను పోతే ఆమె చెవిలో ఒక్క మాటైనా వేయవచ్చు, ఒప్పుకోవద్దు, దేవిక లాయరును తీసుకొస్తోంది అని చెప్పవచ్చు అనుకున్నాడు. భయం కూడా ఉంది, అది మాత్రం తనకు తాను చెప్పుకోలేదు.

బస్తీలో ఆ మధ్యాహ్నం ఎల్లమ్మ ఇల్లూ పోచమ్మ గుడీ తప్ప నిలబడి ఉన్నవి లేవు. గుట్టలో మిగిలిన చివరి బండ మీద కంప్రెసర్ పెట్టి రాయికి తూట్లు పొడుస్తున్నారు. కుర్చీలో ఎల్లమ్మ, వెనక గోడకానుకుని సాయిలు, వాడి భుజం మీద చెయ్యేసి రాఘవేందర్. చెవిలో మాట వేసేంత సందు ఎక్కడా లేదు. బ్రహ్మచారి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కెమెరా ఆన్ చేశాడు.

"నేను ఎల్లమ్మను. నా ఇష్టంతోని జాగ ఇడిసిపెడుతున్న. నన్నెవ్వలు బెదిరియ్యలే" అంది ఆమె. మధ్యలో రెండుసార్లు ఆగి కొడుకు వైపు చూసింది.

కంప్రెసర్ రొదలో ఒక్క మాటా సరిగా పడలేదు. ఆ సంగతి హెడ్‌ఫోన్ పెట్టుకున్న బ్రహ్మచారి ఒక్కడికే తెలుసు. ఆ టేపు ఏ కోర్టుకూ పనికిరాదు. దేవిక వచ్చేదాకా ఈ ఇల్లు నిలబడితే చాలు.

"సౌండ్ మంచిగొచ్చిందా?" అడిగాడు రాఘవేందర్.

"మంచిగొచ్చింది" అన్నాడు బ్రహ్మచారి. పనిలో అతను ఆడిన మొదటి అబద్ధం అదే. సీజనులో ఎన్ని గొడవలైనా, పాడైన క్యాసెట్‌ని పాడైందనే చెప్పేవాడు.

రాఘవేందర్ దగ్గరికొచ్చి హెడ్‌ఫోన్ తన చెవులకు పెట్టుకున్నాడు. "ఏదీ, జెర ఏసి చూపియ్యి" అన్నాడు. కళ్ళు మూసుకుని ఆఖరిదాకా విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి, దుమ్ము దులిపి, జాగ్రత్తగా బ్రహ్మచారి మెడలో వేశాడు. కోపం లేదు, నవ్వుతూనే ఉన్నాడు.

"సుమిత్ర వదినె మధ్యాహ్నం ఇంట్ల ఒక్కతే ఉంటది కదన్నా? పిల్లలు బడినుంచి నడిసే వస్తరు గదా, ఆ మిలిట్రీ గోడ పొంటి?"

రాఘవేందర్ గుట్ట వైపు తిరిగి చెయ్యూపాడు. కంప్రెసర్ ఆగింది. గుడి రావి ఆకుల చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. అందరూ కెమెరా వైపే చూస్తున్నారు. ఎల్లమ్మకు ఏమీ అర్థం కాలేదు, తను ఏదో తప్పు చెప్పానేమోనని భయపడుతూ అతని ముఖంలోకి చూసింది.

"సరిగ రాలేదా అన్నా?"

"రాలేదక్కా" అన్నాడు బ్రహ్మచారి. "ఇంకొక్కసారి చెప్పు."

ఆమె కొంగు సర్దుకుంది. పెళ్ళిళ్ళలో అతను ఎప్పుడూ చెప్పినట్టే గడ్డం కొంచెం పైకెత్తి, కెమెరాలోకి సూటిగా చూస్తూ మొదలుపెట్టింది. ఈసారి ఎక్కడా ఆగలేదు, కొడుకు వైపు చూడలేదు. ప్రతి మాటా శుభ్రంగా పడింది.