నడుమ బొమ్మలు ఆమెవి కావు

నా భార్య చనిపోయింది. ఆ రోజు ఎప్పటిలాగే లేచి రొట్టెలు చేసింది. ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని కంగ్టి ఊరి వాళ్ల పెళ్లి వీడియో మిక్సింగ్ మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఎడమ భుజం లాగుతోందంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్లు చేయగలిగింది చేశారు. సాయంత్రానికి ఇంటికి తెచ్చాం. అంతే జరిగింది.

ఆమెను వాకిట్లో పడుకోబెట్టగానే చుట్టాలు ఫోన్లు తీశారు. ముఖం కనబడటం లేదని ఒకాయన నన్ను పక్కకు జరగమన్నాడు. నాకు ఏడుపు కంటే ముందు అసహ్యం వచ్చింది. అది ఇంకా పోలేదు.

రేపు దినాలు. సిర్గాపూర్‌లో ఉండే ఆమె తమ్ముడు పెద్ద ఎల్‌ఈడీ తెర కిరాయికి మాట్లాడాడు. ఇప్పుడు మా నారాయణఖేడ్‌లో పెళ్లికీ అదే, చావుకీ అదే. దాని మీద ఆమె వీడియో వేస్తారట. ఇన్ని ఊళ్ల పెళ్లి వీడియోలు కూర్చిన మనిషికి తనదంటూ ఉన్న వీడియో ఒక్కటే. దాన్ని ఏం చేశారో చెప్పాలంటే ముందు ఆమె పని ఎలాంటిదో చెప్పాలి.

వీడియో చేతికి రాగానే ఆమె మొదట చూసేది పెళ్లికూతుర్ని కాదు. ఫైలు ప్రాపర్టీస్ తెరిచి ఫ్రేమ్ రేట్ చూసేది. కెమెరా సెకనుకు ఎన్ని బొమ్మలు తీసిందో అది చెబుతుంది. తర్వాత కంప్యూటర్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ చూసేది. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మళ్లీ గీస్తుందో ఇది చెబుతుంది. రెండూ ఒకటే కదా అన్నాను ఒకసారి. పెనం మీద రొట్టె తిప్పుతూ జవాబిచ్చింది.

“చేసినయి ఇరవై ఐదు రొట్టెలు. యాభై సార్లు వడ్డిస్తే యాభై అయితయా?”

కెమెరా ఇరవై ఐదు తీస్తే ఆమె తెరను యాభైకి పెట్టేది. అప్పుడు ప్రతి బొమ్మా సరిగ్గా రెండుసార్లు కనబడుతుంది. అరవైకి పెడితే ఒకటి రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు నిలుస్తుంది. నడిచే మనిషి సన్నగా కుంటుతాడు. చాలామందికి అది తెలియదు. ఆమెకు అన్నంలో రాయి తగిలినట్టు తగిలేది.

వీడియో ఇచ్చేసి ఊరుకునేది కాదు. బస్సెక్కి పెళ్లివారింటికి పోయేది. తాను చేసుకున్న చిన్న పరీక్షను వాళ్ల టీవీలో వేసేది. నల్ల తెర మీద ఒక తెల్లగీత ఎడమ నుంచి కుడికి పోతుంది. గీత తడబడితే సెట్టింగులు తెరిచేది. కదలికను నున్నగా చేసే సెట్టింగును అన్నిటికంటే ముందు ఆపేది. కెమెరా తీయని బొమ్మల్ని అది తనే పుట్టించి నడుమ ఇరికిస్తుంది. వాటిని ఆమె కల్తీ బొమ్మలు అనేది. కంగ్టిలో ఒక ముసలమ్మ చాయ్ ఇస్తూ ఎత్తిపొడిచింది.

“పిల్లను సూడనీకొచ్చినవా, టీవీని సూడనీకొచ్చినవా?”

“పిల్లను మీరు సూస్కున్నరు గదా అవ్వా. టీవీని ఎవలు సూస్తరు?”

మా ఇంటికి టీవీ కొనబోయినప్పుడూ అంతే. నూట ఇరవై అని అట్టపెట్టె మీద రాసి ఉందని కొట్టు అబ్బాయి చూపించాడు. పెట్టె వద్దు, తెర ఆన్ చెయ్ తమ్మీ అంది. చూస్తే తెర అరవైదే. ఆ పెద్ద నంబరు నున్నగా చేసే మాయకు పెట్టిన పేరు. కొనకుండానే తిరిగొచ్చాం. అబద్ధం కంటే అబద్ధానికి అంకె వేయడం ఆమెకు రోత. ఆ రోత నాకూ అంటించి పోయింది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఆమె కనబడే ఆ ఒక్క వీడియో కూడా పరీక్షకు తీసిందే. కొత్త కెమెరా వచ్చినప్పుడు, కదలిక ఎలా వస్తుందో చూద్దామని మేడ మీద ఎండుతున్న కందుల పక్కన అటూ ఇటూ నడిచింది. తీసింది నేను. చివర్లో ఇటు తిరిగి, చెయ్యి ఊపి, “ఇగ సాలు, బంద్ చెయ్” అంటుంది.

నిన్న ఆమె తమ్ముడు ఆ వీడియోను ఎవరితోనో బాగు చేయించి తెచ్చాడు. సెకనుకు ఇరవై ఐదున్న బొమ్మల్ని అరవై చేయించానని, ఇప్పుడు అక్క మక్ఖన్ లెక్క నున్నగా నడుస్తుందని చెప్పాడు. చూశాను. ఆమె నడవడం లేదు, జారుతోంది. చెయ్యి ఊపినప్పుడు వేళ్లు కరిగి ఒకటై మళ్లీ విడిపోయాయి. గాజులు చర్మంలోకి ఇంకి బయటికొచ్చాయి. తల తిప్పేటప్పుడు ఒక్క క్షణం అది ఎవరి ముఖమూ కాదు. లేచి కిటికీ దగ్గరికి పోయాను.

“ఇందుల సగానికి ఎక్కువ బొమ్మలు మీ అక్కవి కావు,” అన్నాను.

“ఎవలు లెక్కబెడ్తరు బావా?”

“ఆమె లెక్కబెట్టేది.”

అతను పెన్‌డ్రైవ్‌ను వేళ్ల మధ్య తిప్పాడు. పాత వీడియోలో అక్క ఆగి ఆగి నడిచినట్టుందని, జనం ముందట అట్ల కనబడితే తాను చూడలేనని అన్నాడు. అతని దుఃఖం అబద్ధం కాదు. కానీ రేపు ఆమెను చివరిసారి చూడబోయే వాళ్లకు ఆ జారే బొమ్మే గుర్తుండిపోతుంది. కొన్నాళ్లకు నాకూ అదే గుర్తుండవచ్చు. నా భయం అదే.

అసలు వీడియోలో రెండు బొమ్మల నడుమ ఏమీ లేదు. అక్కడ ఆమెను కెమెరా పట్టుకోలేకపోయింది. ఆ ఖాళీని నింపే హక్కు తమ్ముడికి లేదు, నాకూ లేదు.

రేపు పొద్దున చుట్టాలు దిగకముందే తెర దగ్గరికి పోతాను. చేయించిన ఫైలు తీసేసి అసలుది పెడతాను. తెర నడిపే కంప్యూటర్‌ను యాభైకి మార్పిస్తాను. ఆమె ఇటు తిరిగి చెయ్యి ఊపేదాకా నిలబడి చూస్తాను. ఆమెది కాని బొమ్మ ఒక్కటి కనబడినా కరెంటు తీయిస్తాను.