చేపలు తినేసిన పాఠం

పరువు పోవడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదండీ. నాది ఒక లీటరు సీసాలో పోయింది. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి.

మలేరియా మీద ఆరోగ్య వాలంటీర్లకు నేను ఇవ్వబోయే మొట్టమొదటి శిక్షణ అది. విజయవాడ వన్ టౌన్‌లో చిన్న హాలు, ఇరవై మంది ఆడవాళ్లు. పైగా మా పై అధికారిణి స్వయంగా వస్తున్నారు. ఆవిడ మెచ్చితేనే నా తాత్కాలిక ఉద్యోగం నిలబడుతుంది. బొమ్మలు చూపిస్తే ఏం మజా, ప్రాణంతో ఉన్నవాటినే చూపించాలని ఉబలాటపడ్డాను. ఒక సీసాలో గింగిరాలు కొట్టే దోమ లార్వాలు పట్టాను. ఇంకో సీసాలో వాటిని తినే గంబూషియా చేపలు, ఓ పది.

పటమటలో ఆటో ఎక్కాక చేపల సీసాకు చిల్లి పడిందని నా ప్యాంటు తడిసి తెలిసింది. చేపలు చచ్చిపోతాయన్న కంగారులో వాటిని లార్వాల సీసాలోకి ఒంపేశాను. పాలకు పిల్లిని కాపలా పెట్టినవాడు నాకంటే తెలివైనవాడు. నేనైతే ఎంత బాగా కాపాడానో అని దారంతా మురిసిపోయాను కూడా.

హాల్లో సీసా మీద కప్పిన గుడ్డ తీసి పైకెత్తాను.

"చూడండమ్మా, ఇవే రేపటి దోమలు" అన్నాను గంభీరంగా.

ముందు వరసలో మస్తాన్‌బీ గారు, బట్టలు కుట్టే ఆవిడ, సూదిలో దారం ఎక్కించేటప్పటి చూపుతో సీసాను పరీక్షించారు.

"చేపలే ఉన్నాయండీ. బాగా తిన్నట్టున్నాయి, కదల్లేకపోతున్నాయి."

హాలు గొల్లుమంది. అధికారిణి మాత్రం నవ్వలేదు. లార్వాలు పట్టిన చోటికే అందర్నీ తీసుకెళ్తే సర్వే కూడా నేర్పినట్టుంటుందన్నారు. "ఇంతకీ ఎక్కడ పట్టారు?"

ఆ సంగతి మీకూ చెప్పలేదు, గమనించారా? మా డాబా మీద, మూత లేని మా నీళ్ల ట్యాంకులో.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో దోమల్ని పెంచి రచ్చలో పాఠం చెప్పబోయాను. ఇరవై మందీ ఆటోల్లో దిగారు. మా ఆవిడ టీ పెట్టేలోపే టార్చీలతో ట్యాంకు చుట్టూ మూగారు. మస్తాన్‌బీ గారు రిజిస్టరులో మొదటి పేరుగా నాది రాసి, మా తలుపు మీద సుద్దముక్కతో తేదీ వేశారు.

"ట్యాంకు కడిగి ఆరబెట్టండి. శుక్రవారం మళ్లీ వచ్చి చూస్తామండీ. ఇందాక హాల్లో మీరు పంచిన కాగితంలోనే ఉంది కదండీ."

అప్పుడు నవ్వారు అధికారిణి. "మీ ఉద్యోగం ఉంటుందిలెండి. ఇంత త్వరగా పని నేర్చుకున్న బ్యాచ్‌ని నేను చూడలేదు."

అందుకే ఆ సుద్ద రాత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో చేపల్నీ లార్వాల్నీ ఒకే సీసాలో పోయను. ట్యాంకు విషయంలో ప్రమాణం దేనికి? ఇప్పటికీ ప్రతి శుక్రవారం మస్తాన్‌బీ గారు వస్తూనే ఉన్నారు.